ఎస్ఎస్‌కి వెండి బ్రేజింగ్: ఆరేళ్లు వాడాక

బాలానగర్‌లో మాది చిన్న షెడ్డు. రెండు లేతులు, ఒక డ్రిల్లింగ్ మెషిన్, ఒక గ్యాస్ సెట్. వచ్చే పనుల్లో సగం ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) జాబులే: సెన్సర్ గొట్టాలు, సన్న పైపులకు నిపుల్స్, రాగి గొట్టానికి ఎస్ఎస్ ఫ్లాంజీలు. వీటిని బ్రేజింగ్ చేస్తాం, అంటే ముక్కలు కరక్కుండా వాటి సందులోకి రాడ్ కరిగించి అతుకుతాం. దీనికి ఆరేళ్లుగా కాడ్మియం లేని వెండి రాడ్, లోహం మీది ఆక్సైడ్ పొరని వదిలించే నల్ల ఫ్లక్స్ పేస్టు వాడుతున్నాను. రాడ్‌లో వెండి 50 శాతం, నికెల్ 2 శాతం. అందరూ రాడ్ గురించే అడుగుతారు గానీ నా ఓటు ఫ్లక్స్‌కే.

మొదట్లో నేనూ రాడ్ మీద డబ్బు పోసి, ఫ్లక్స్ దగ్గర పిసినారితనం చేశాను. బంగారం పనివాళ్లు వాడే వెలిగారం చాలదా అనుకున్నాను. వెండి ఉండలు కట్టి దొర్లిపోయేది. "అన్నా, అంటుకోవట్లేదు" అంటూ మా కుర్రాడు మంట పెంచేవాడు. పెంచినకొద్దీ జాబు నల్లబడేది తప్ప పని అయ్యేది కాదు. ఎస్ఎస్‌కి తుప్పు పట్టకుండా కాపాడే క్రోమియం ఆక్సైడ్ పొరే వెండిని దగ్గరికి రానివ్వదు. వెలిగారం ఆ పొర జోలికి సరిగా పోదు. పైగా అది కరగడానికే 740 డిగ్రీల పైన కావాలి, మా రాడ్ 705 దగ్గరే పారుతుంది. ఫ్లోరైడ్ ఉన్న ఫ్లక్స్ అయితేనే పొర వదులుతుంది. బోరాన్ కలిపిన నల్లది మంటకి ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతుంది. ఎస్ఎస్‌లో వేడి రాగిలో పారే దాంట్లో ఇరవయ్యో వంతు కూడా పారదు, ఒకచోట ఎర్రబడినా పక్కన చల్లగానే ఉంటుంది. అందుకే ఆ కాస్త ఎక్కువసేపే మాకు ప్రాణం.

ఇప్పుడు మంట కొస జాయింటుకి తగలనివ్వం. చుట్టూ తిప్పుతూ ముందు మందంగా ఉన్న ముక్కని కాగనిస్తాం. పేస్టులో నీళ్లు చిటపటలాడి పోతాయి, అది పొంగి, ఎండి, మళ్లీ మెత్తబడి నిగనిగలాడుతూ జాబుని అంటుకుంటుంది. అప్పుడు మంటకి అవతలి వైపు రాడ్ తాకించాలి. వెండి గీతలా మెరిసి, సందులోకి దూరి, గొట్టం చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చేస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటే. సందు ఒక్కో పక్కకి 0.05 నుంచి 0.1 మి.మీ. ఉండాలి. బిగుతుగా దిగే ముక్కలో వెండి దూరదు.

రెండు దెబ్బలు తిన్నాను. ఒకటి, అర్జెంటు పనికి ఏసీ మెకానిక్ దగ్గర రాగి గొట్టాలకి వాడే ఫాస్ఫరస్ రాడ్ అడిగి తెచ్చి అతికించడం. చూడ్డానికి బాగానే ఉంది, వైసులో బిగించి ఒక్క దెబ్బ వేస్తే బిస్కెట్టులా విరిగింది. ఎస్ఎస్‌లో ఉన్న ఇనుముతో ఫాస్ఫరస్ కలిస్తే పెళుసు పొర ఏర్పడుతుంది. రెండోది ఇంకా ఘోరం. నికెల్ లేని 45 శాతం రాడ్‌తో చేసిన సెన్సర్ గొట్టం నీళ్ల ట్యాంకులో కొన్ని నెలలు ఉండి ఊడిపోయింది. వెండి మొత్తం చెక్కుచెదరలేదు, ఎస్ఎస్ నుంచి అట్టలా లేచి వచ్చింది. తడి తగిలే చోట వెండికీ ఎస్ఎస్‌కీ మధ్య గీత వెంట తుప్పు పాకుతుంది. నికెల్ ఉంటే అది బాగా తగ్గుతుంది. ఆ కస్టమర్ మళ్లీ రాలేదు.

సణుగుళ్లూ ఉన్నాయి. నల్ల ఫ్లక్స్ కడగడం ఒక శిక్ష. వేడినీళ్లలో నానబెట్టి, ఎస్ఎస్ వైరు బ్రష్షుతోనే రుద్దాలి. ఇనుప బ్రష్షు అయితే వారంలో తుప్పు మచ్చలు. పొగలో ఫ్లోరైడ్ ఉంటుంది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేకుండా మొదలుపెట్టం. చవగ్గా దొరికే కాడ్మియం రాడ్ షెడ్డులోకే రానివ్వను, ఆ పొగ ప్రాణం తీస్తుంది. ఎస్ఎస్‌కి ఎస్ఎస్ అతికించే పని, 200 డిగ్రీలు దాటి రోజంతా కాగే జాబు వస్తే టిగ్ వెల్డింగ్ వాళ్ల దగ్గరికి పంపేస్తాను.

ఇక వెండి రేటు. రాడ్ తూకం వేసి ఇస్తారు కాబట్టి చేతిలో పట్టుకోలేని రెండంగుళాల ముక్క కూడా పారేయం, కొత్త రాడ్ కొసకి కరిగించి అతికించుకుంటాం.