చెస్ట్ స్ట్రాప్‌తో మూడేళ్ళు: బీప్ నేర్పినవి, బీప్ చెప్పనివి

గుండె వేగం కొలవడానికి ఛాతీకి కట్టుకునే ఈ చెస్ట్ స్ట్రాప్ కొన్న మూడో నెలలోనే ఒక చిన్న సమీక్ష రాసి అయిదు నక్షత్రాలు ఇచ్చాను. "పరిగెత్తే ప్రతి ఒక్కరూ కొనాల్సిందే" అని కూడా రాశాను. మూడేళ్ళు దాటాక మళ్ళీ రాస్తున్నాను. అప్పటి మాటంతా వెనక్కి తీసుకోవడం లేదు. కానీ దాని పక్కన ఇంకొన్ని మాటలు చేర్చకపోతే, నా మాట నమ్మి కొన్నవాళ్ళకు అన్యాయం చేసినదాన్నవుతాను.

బ్లూటూత్, వాటర్‌ప్రూఫ్ లాంటివన్నీ డబ్బా మీదే ఉంటాయి. నేను చెప్పబోయేది ఒక్క బీప్ గురించి. గుండె వేగానికి మనమొక హద్దు పెట్టుకుంటాం. అది దాటగానే చేతి వాచీ బీప్ కొట్టి, మణికట్టు మీద వణుకుతుంది. అంతకంటే ఏమీ లేదు. ఆ బీప్ వల్లే నేను ఇవాళ్టికీ పరిగెత్తగలుగుతున్నాను.

మాది విశాఖ. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. నలభై దాటాక పరుగు మొదలుపెట్టాను. పొద్దున్నే అయిదింటికి బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర కలిసి, తెన్నేటి పార్కు వైపు వెళ్ళి వచ్చే గ్రూపు మాది. గ్రూపులో ఒక ఇబ్బంది ఉంది. ఎవరూ పోటీ అనుకోరు, కానీ పక్కవాళ్ళ అడుగు చప్పుడు వింటూ అందరి వేగమూ కొద్దికొద్దిగా పెరిగిపోతుంది. తేలిక పరుగు అనుకున్న రోజు కూడా కాస్త కష్టంగానే ముగిసేది. నిన్నటి నొప్పి పోకముందే ఇవాళ్టిది వచ్చి కూర్చునేది. పొద్దున లేచి మొదటి అడుగు నేల మీద మోపాలంటే మడమలో గుచ్చినట్టుండేది. ఫోమ్ రోలర్ కొన్నాను, కంప్రెషన్ సాక్సులు కొన్నాను, బకెట్‌లో ఐసు ముక్కలు వేసి కాళ్ళు పెట్టుకున్నాను. అవేవీ చెడ్డవి కావు. కానీ రోజూ గాయం చేసుకుంటూ రోజూ మందు రాసుకోవడమే అయ్యింది.

నార్వేలో పనిచేసే స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు పెద్ద స్థాయి క్రీడాకారుల సాధనను గమనించి, వాళ్ళ సెషన్లలో దాదాపు 80 శాతం తేలికగానే ఉంటాయని చెప్పిన సంగతి అప్పటికే చదివి ఉన్నాను. చదివితే సరిపోదు కదా. ఎంత మెల్లగా అంటే మెల్లగా? దానికి జవాబు చెప్పింది ఈ స్ట్రాపే.

మొదట్లో హద్దు తప్పుగా పెట్టుకున్నాను. గుండె గరిష్ఠ వేగం కోసం 220లోంచి వయసు తీసేసే లెక్క వేసి, అందులో 70 శాతం దగ్గర హద్దు పెట్టాను. నాకు అది నిమిషానికి 124 అయింది. ఇంటి వీధి మలుపు తిరక్కముందే బీప్. నడిస్తే తప్ప ఆగదు. రెండు వారాలు నా గుండెకే ఏదో అయిందని టెన్షన్ పడ్డాను. ఆ లెక్క కోట్లమంది మీద సగటుకు దగ్గరగా ఉంటుందేమో గానీ, ఒక మనిషి దగ్గరకొచ్చేసరికి పదీ పన్నెండూ అటూఇటూ కావడం మామూలే. కైలాసగిరి ఘాట్ రోడ్డు మీద నాలుగుసార్లు గట్టిగా ఎక్కి చూస్తే నా గరిష్ఠం 188 దాకా వెళ్ళింది. లెక్క ప్రకారం అది 177 దాటకూడదు.

(గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు ఇలా ఎక్కి చూడొద్దు. ముందు డాక్టర్‌ని అడగండి.)

హద్దు ఖాయం చేసుకోవడానికి నాకు పనికొచ్చిన పద్ధతి వేరే ఉంది. పరిగెడుతూ ఒక ఆటవెలది పద్యం పైకి చదివేదాన్ని. పాదం మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టు. నాలుగు పాదాలూ తెగకుండా వచ్చే దగ్గర వాచీలో అంకె 140, 143 మధ్య ఉండేది. 142 దగ్గర హద్దు పెట్టాను. మూడేళ్ళలో ఆ అంకె మార్చలేదు.

ఆ తర్వాత నెల రోజులు గ్రూపులో అందరికంటే వెనకపడ్డాను. తెన్నేటి పార్కు ఎక్కుడు మొదలవగానే బీప్. నడవడం, అంకె తగ్గడం, మళ్ళీ మొదలు. ఆరో వారం ఒక గురువారం పొద్దున మంచం దిగి వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టాక గుర్తొచ్చింది, మడమ నొప్పి లేదని. నిలబడి రెండు మడమలూ నేలకు ఒత్తి చూసుకున్నాను. ఆ సంతోషంలో రాసిందే ఆ అయిదు నక్షత్రాల సమీక్ష.

ఇప్పుడు స్ట్రాప్ మీద చిన్న చిన్న ఫిర్యాదులు. చలికాలంలో చెమట పట్టక ముందు, పాలియెస్టర్ టీషర్ట్ రాపిడికి మొదటి కిలోమీటర్‌లో 190 చూపించి ఊరికే మోగుతుంది. స్ట్రాప్ లోపలి వైపు నల్లటి ప్యాడ్లు రెండింటినీ కొళాయి కింద తడిపి కట్టుకుంటే పోతుంది. స్పోర్ట్స్ బ్రా అంచూ ఇదీ ఒరుసుకుని చర్మం రేగుతుంది. వాజ్‌లైన్ రాస్తే ప్యాడ్లు తగిలే చోట వదిలేసి రాయాలి, లేకపోతే అంకె రాదు. మా సముద్రపు ఉక్కలో ఎలాస్టిక్ ఏడాదిన్నర కూడా నిలవలేదు. వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ళలో జాడించకపోతే ఉప్పు తెల్లగా చారలు కడుతుంది, టిచ్ బటన్ల చుట్టూ పచ్చగా చిలుము పడుతుంది. ఉత్త పట్టీ అడిగితే సర్వీస్ సెంటర్‌లో సెట్టు మొత్తం కొనమన్నారు. ఆ మాటకు ఇప్పటికీ కోపమే. బటన్ల మధ్య దూరం స్కేలుతో కొలిచి, దానికి సరిపోయే వేరే పట్టీ తెప్పించుకున్నాను, బాగానే పనిచేస్తోంది.

ఇవన్నీ ఓర్చుకోదగ్గవే. అసలు చెప్పాల్సింది 2023లో జరిగింది.

ఆ ఏడాది నేవీ మారథాన్‌లో మొదటిసారి 42 కిలోమీటర్లు పరిగెత్తాలని నిర్ణయించుకున్నాను. ఆగస్టు నుంచి వారానికి అయిదు రోజులు పరుగు. తేలిక రోజుల్లో బీప్ మాట తప్పలేదు. అందుకే ధైర్యం, నేను సరిగ్గానే చేస్తున్నానని. సెప్టెంబరు చివరి ఆదివారాల్లో ఒకరోజు 28 కిలోమీటర్లు పెట్టుకున్నాను, రుషికొండ దాటి వెళ్ళి వెనక్కి రావాలి. తెన్నేటి పార్కు ఎక్కుడు దగ్గర రోజూ మోగే బీప్ ఆ రోజు మోగలేదు. వాచీ చూస్తే 133. సంతోషంతో కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్ళ కష్టానికి ఫలితం ఇదే అనుకున్నాను. కాస్త వేగం పెంచాను, 136. ఇంకా పెంచుదామంటే కాళ్ళు రాలేదు. ఊపిరి మాత్రం బరువుగా ఉంది. ఆ రెండూ పొంతన లేని సంగతులని అప్పుడు తట్టలేదు. అంకె చిన్నదిగా ఉంది కాబట్టి అంతా బాగుందనే నమ్మాను.

తిరుగుదారిలో సాగర్ నగర్ దాటాక అడుగు పడలేదు. నొప్పి కాదు, తిమ్మిరి కాదు. తొడల్లో ఇసుక నింపినట్టు. ఫుట్‌పాత్ అంచున కూర్చున్నాను. అప్పటికి 22 కిలోమీటర్లు. ఒక్కసారి కూడా బీప్ మోగలేదు. ఇంటికి ఆటోలో వచ్చాను.

ఆ వారమంతా రాత్రి రెండున్నరకు మెలకువ వచ్చేది. మా అత్తగారు ఉల్లి వేసి పెసరట్టు పోస్తే సగం తిని లేచాను. బుధవారం ప్రాక్టికల్స్‌లో ఒక అమ్మాయి టైట్రేషన్ చేస్తూ బ్యూరెట్ కొళాయి కట్టడం ఒక్క క్షణం ఆలస్యం చేసింది. లేత గులాబీ రంగు దగ్గర ఆగాల్సింది ముదురు గులాబీ అయిపోయింది. ఏ బ్యాచ్‌లోనైనా రోజూ జరిగేదే. ఆ పిల్లను అందరి ముందూ అరిచేశాను. దాని చేతిలో కోనికల్ ఫ్లాస్క్ వణకడం చూశాక గానీ నాకు తెలివి రాలేదు. నేను అలా అరిచే మనిషిని కాదు. మర్నాడు పిలిచి క్షమించమన్నాను.

మా గ్రూపులో నేవీలో రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. సంగతంతా విని ఆయన అన్నది ఇదీ: "మేడమ్, గుండె పైకి ఎక్కకపోవడం రెండు రకాలండి. బలం వచ్చి ఎక్కకపోవడం ఒకటి, ఓపిక చచ్చి ఎక్కలేకపోవడం ఒకటి. ఊపిరి ఎలా ఉందో చూసుకోవాలి మీరు." డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. థైరాయిడ్, రక్తం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. విశ్రాంతి తీసుకోమన్నారు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. సాధన ఎక్కువై, కోలుకోవడం తక్కువై, అది వారాల తరబడి పేరుకుంటే, ఎంత కష్టపడినా కొందరిలో గుండె వేగం పెరగాల్సినంత పెరగదు. అంటే ఈ బీప్ ఒక వైపు తలుపుకే కాపలా. వేగం మితిమీరితే చెబుతుంది. అలసట మితిమీరితే మౌనంగా ఉంటుంది, పైగా ఆ మౌనం మెచ్చుకోలులా వినిపిస్తుంది. మొదటి సమీక్షలో "దీన్ని నమ్మితే చాలు" అని రాశాను. ఆ వాక్యం ఇప్పుడైతే రాయను.

పది రోజులు పరుగు మానేశాను. ఆ పది రోజుల్లోనే ఇంకో సంగతి తెలిసింది. అప్పటిదాకా పరుగు లేని రోజును విశ్రాంతి రోజు అని డైరీలో రాసుకునేదాన్ని. నిజానికి ఆ రోజే ఇల్లు దులిపేదాన్ని, దుప్పట్లు ఉతికేదాన్ని, వారానికి సరిపడా ఇడ్లీ పిండి రుబ్బేదాన్ని. కాలేజీలో నాలుగు పీరియడ్లు నిలబడి పాఠం ఎలాగూ ఉంటుంది. ఏ స్ట్రాపూ దీన్ని లెక్కపెట్టదు. ఒక శనివారం నేను బూజు కర్ర పట్టుకుంటే మావారు వచ్చి తీసేసుకుని, "నువ్వు పడుకో, ఇది నేనూ బాబూ చూసుకుంటాం" అన్నారు. మధ్యాహ్నం రెండు గంటలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. ఆ ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది.

తిండి కూడా అప్పుడే మారింది. పరుగు నుంచి వచ్చి అందరికీ టిఫిన్లు, బాక్సులు సర్ది, నేను పదిన్నరకు స్టాఫ్ రూములో తినేదాన్ని. ఖర్చైన శక్తి కండరాల్లో మళ్ళీ నిండడానికి, సరిగ్గా తింటేనే ఒక రోజు పడుతుంది. నేను మూడున్నర గంటలు ఆలస్యంగా, అదీ రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుంటున్నాను. ఇప్పుడు రాత్రే అన్నంలో పాలు పోసి తోడు పెట్టేస్తాను. వచ్చీ రాగానే ఉప్పు, ఉల్లిపాయ వేసుకుని ఆ తోడన్నం తిని, రెండు గుడ్లు తిన్నాకే స్టవ్ వెలిగిస్తాను.

ఆ ఏడాది 42 పరిగెత్తలేదు. 21కి మార్చుకున్నాను. స్ట్రాప్ కట్టుకున్నాను గానీ అలారం ఆపేసి పరిగెత్తాను. బాగా జరిగింది.

ఇప్పుడు స్ట్రాప్‌ని వాడే తీరు ఇదీ. తేలిక రోజుల్లో బీప్ చెప్పినట్టే వింటాను, అందులో మార్పు లేదు. మే నెల ఉక్కలో అదే వేగానికి ఎనిమిదీ పదీ ఎక్కువ చూపిస్తుంది. హద్దు పెంచను, వేగమే తగ్గిస్తాను. నెలసరికి ముందు వారం కూడా నాకు నాలుగైదు ఎక్కువే ఉంటుంది. మూడేళ్ళ డైరీ చూస్తే ఈ సంగతి స్పష్టంగా కనిపించింది. మొదటి ఏడాది అనవసరంగా కంగారు పడ్డాను. రోజూ మోగే చోట బీప్ మోగకపోతే మాత్రం సంతోషపడే ముందు పద్యం చదువుతాను. పద్యం తెగి, అంకె చిన్నదిగా ఉంటే అక్కడికక్కడే వెనక్కి తిరుగుతాను. నిరుడు అలా రెండుసార్లు తిరిగి వచ్చాను. ఇంకొకటి, పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం కిందికి దిగి మూడంతస్తుల మెట్లు ఎక్కడం. రెండో అంతస్తు దగ్గర రెయిలింగ్ మీద చెయ్యి వేయాలనిపిస్తే ఆ రోజు షూ కట్టుకోను.

కొనాలా వద్దా అంటే, అది మీ రోజును బట్టి ఉంటుంది. గ్రూపులో పరిగెత్తుతూ, తెలియకుండా రోజూ గట్టిగా లాగేసేవాళ్ళయితే, నాలాగా నలభై దాటి మొదలుపెట్టినవాళ్ళయితే, కొనండి. గుండె వేగం కొలవడానికి వాచీ వెనకే ఉండే లైటు చాలదా అంటే, నా మణికట్టు మీద అది చాలాసార్లు గుండెను వదిలేసి అడుగుల లెక్కను పట్టుకునేది, తేలిక పరుగులో 168 చూపించేది. మీ చేతికి సరిగ్గా చూపిస్తుంటే స్ట్రాప్ అక్కర్లేదు. ఒంటరిగా, నిదానంగా పరిగెత్తే అలవాటు ముందే ఉన్నవాళ్ళకీ అక్కర్లేదు. నిద్ర అయిదు గంటలే దొరికే పసిపిల్లల తల్లులకు దీనివల్ల ఉపయోగం తక్కువని నా అభిప్రాయం. వాళ్ళకు ముందు కావాల్సింది ఇంట్లో ఇంకో మనిషి చెయ్యి.

నక్షత్రాలు అడిగితే నాలుగు. తగ్గించిన ఒక్కటీ బీప్ విషయంలో కాదు, ఉత్త పట్టీ అమ్మనందుకు. ఈ ఏడాది మళ్ళీ 42కి పేరు ఇచ్చాను. ఇవాళ శనివారం, పరుగు లేదు. స్ట్రాప్ బాల్కనీ తీగ మీద ఆరుతోంది. లోపల బాబు బూజు దులుపుతున్నాడు.