ఎర్ర ఇటుకా, బూడిద ఇటుకా, ఏఏసీ బ్లాకా: గోడకు ఏది మేలు?

ధర అడిగేముందు ఒకటి తేల్చుకోవాలి: స్లాబు బరువు మోసేది పిల్లర్లా, గోడలా? పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు వేసే ఇంటికి ఏఏసీ బ్లాకు (లోపల గాలి బుడగలతో తేలిగ్గా ఉండే కాంక్రీటు దిమ్మ) వద్దు. మార్కెట్లో దొరికే ఏఏసీ బలం చదరపు మిల్లీమీటరుకు 3 నుంచి 4.5 న్యూటన్లు. బాగా కాలిన ఎర్ర ఇటుక, సరిగా తయారైన బూడిద ఇటుక (థర్మల్ కేంద్రాల బూడిదతో చేసేది) 7 దాటుతాయి. అలాంటి ఇంటికి ఈ రెండింట్లో ఒకటి వాడండి.

పిల్లర్ల ఇల్లయితే లెక్క మారుతుంది. 100 చదరపు అడుగుల తొమ్మిదంగుళాల గోడకు సుమారు 1,000 ఇటుకలు పడతాయి, మాలుతో కలిపి బరువు 4 టన్నుల దాకా వస్తుంది. అదే గోడ 8 అంగుళాల ఏఏసీతో కడితే 80 బ్లాకుల లోపే, బరువు టన్నున్నర లోపే. అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో ఈ తేడా బీములు, పునాదుల స్టీలులో కనిపిస్తుంది. జీ ప్లస్ వన్ (కింది అంతస్తు, దానిపై ఇంకొకటి) ఇంట్లో ఆదా కొద్దిగానే ఉంటుంది. నల్లరేగడి నేలలో మరో జాగ్రత్త కావాలి. గోడ తేలిక కదా అని పునాది లోతు తగ్గించొద్దు. నేల ఉబ్బితే తేలిక కట్టడం ఇంకా సులువుగా లేస్తుంది. పెళుసైన ఏఏసీ బ్లాకులో ఆ కదలికకు చీలిక ముందే బయటపడుతుంది.

ఎర్ర ఇటుకతో చిక్కు ఏమిటంటే, బట్టీ బట్టీకీ నాణ్యత మారిపోతుంది. రెండు ఇటుకలు కొడితే ఖంగుమనాలి, గోరుతో గీస్తే గీత పడకూడదు. ఎండిన ఇటుక తూచి 24 గంటలు నానబెట్టి మళ్లీ తూచండి. 3 కిలోల ఇటుక 3.6 కిలోలు దాటితే లారీ వెనక్కి పంపేయండి. కట్టేముందు బుడగలు ఆగేదాకా నానాలి. లేకపోతే మాలులోని నీళ్లన్నీ ఇటుకే తాగేసి, జాయింటు ఇసుకలా రాలుతుంది. చౌడు మట్టితో చేసిన ఇటుకైతే సున్నం వేసిన ఏడాదిలోపే తెల్లటి ఉప్పు పొంగుతుంది. దానికి పైపూత మందు లేదు.

మామూలు జీ ప్లస్ వన్ ఇంటికి మా ఓటు బూడిద ఇటుకకే. విజయవాడ, రామగుండం, పాల్వంచ, సింహాద్రి థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల ఇది తేలిగ్గా దొరుకుతుంది. అంచులు సమంగా ఉంటాయి కాబట్టి ప్లాస్టరింగు మందం తగ్గుతుంది. గోడలో నిలువునా వెంట్రుకల్లాంటి పగుళ్లు వచ్చాయంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: పచ్చి ఇటుక. గిరాకీ ఎక్కువైతే వారానికే లారీ ఎక్కించేస్తారు, అది గోడలో చేరాక ఆరుతూ కుదించుకుపోతుంది. తయారైన తేదీ అడగండి, 21 రోజులు తడిపి ఆరబెట్టిందే తీసుకోండి. దీన్ని నానబెట్టక్కర్లేదు, పైన నీళ్లు చిలకరిస్తే చాలు. బయటి గోడకు 1:6 (ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక), నాలుగంగుళాల గోడకు 1:4 మాలు సరిపోతుంది.

ఏఏసీ పాడయ్యేది ఎక్కువగా పనితనం వల్లే. 3 మిల్లీమీటర్ల జాయింటుకు ఏఏసీ బ్లాకులు అతికించే గమ్మే వాడాలి. బలం కోసమని 1:3 మాలు దట్టంగా పెడితే అది కుదించుకుని బ్లాకునే చీలుస్తుంది. మీటరు, మీటరుంబావు ఎత్తుకోసారి సన్నటి కాంక్రీటు పట్టీ వేయాలి. పైబీము కింద కొద్దిగా ఖాళీ వదిలి, గోడ కుదురుకున్నాక పూడ్చాలి. పిల్లరు, గోడ కలిసేచోట చికెన్ మెష్ (సన్నటి తీగల వల) కొట్టకుండా ప్లాస్టరింగుకు ఒప్పుకోకండి.

వేడి విషయంలో మాత్రం ఏఏసీకి పోటీ లేదు. ఇటుకలో కన్నా వేడి దాదాపు నాలుగో వంతే సాగుతుంది. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల పడమటి గోడకు ఇది బాగా పనికొస్తుంది. అయితే ఒకే అంతస్తు ఇంట్లో వేడి ఎక్కువగా స్లాబు నుంచే దిగుతుంది. డబ్బు తక్కువైతే ముందు పైకప్పుకు ఖర్చు పెట్టండి.

బాత్రూము గోడకు ఏఏసీ వాడక తప్పకపోతే టైల్సు కింద వాటర్‌ఫ్రూఫింగ్ పూత తప్పనిసరి. గీజరు, ఏసీ బయటి యూనిట్ తగిలించే చోట్లు ముందే గుర్తుపెట్టి, అక్కడ కాంక్రీటు దిమ్మ పెట్టించండి. మామూలు ఫాస్టెనర్లు (గోడలో బిగించే బోల్టులు) ఏఏసీ బ్లాకులో పట్టు నిలుపుకోలేవు.