హైపర్‌థైరాయిడ్: మాత్రలా, అయోడినా, ఆపరేషనా?

థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తోందని రిపోర్టు రాగానే ఏ చికిత్స మేలని అందరూ అడుగుతారు గానీ, అంతకంటే ముందు తేలవలసింది అసలు కారణం. గ్రంథి వాచి, అందులో నిల్వ ఉన్న హార్మోను రక్తంలోకి వచ్చేస్తున్నట్లయితే అది చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే సద్దుమణుగుతుంది; హార్మోను తయారీని అడ్డుకునే మాత్రలకు అక్కడ పనే లేదు. గ్రంథిలోని గడ్డలే హార్మోనును తయారుచేస్తున్నట్లయితే మాత్రలు అదుపులో ఉంచుతాయే తప్ప నయం చేయవు. మూడు మార్గాలనూ నిజంగా తూచి చూడవలసి వచ్చేది ఎక్కువగా గ్రేవ్స్ వ్యాధిలోనే, అంటే శరీర రక్షణ వ్యవస్థే గ్రంథిని అతిగా పనిచేయించే జబ్బులోనే. ఈలోగా గుండెదడ, చేతుల వణుకు తగ్గడానికి ప్రొప్రనొలాల్ వంటి మందు ఇస్తారు. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

హార్మోను తయారీని అడ్డుకునే కార్బిమజోల్, మెథిమజోల్ మాత్రలను సాధారణంగా 12 నుంచి 18 నెలలు వాడతారు. గ్రంథి ఉన్నది ఉన్నట్లుగా మిగలడం వీటితో వచ్చే పెద్ద లాభం. మానేశాక దాదాపు సగం మందిలో వ్యాధి తిరగబెట్టడం పెద్ద నష్టం. అరుదుగా తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి కాబట్టి, జ్వరమో గొంతునొప్పో వస్తే మాత్ర ఆపి అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి.

రేడియో అయోడిన్ (గ్రంథి కణాలను నశింపజేసే రేడియోధార్మిక అయోడిన్) మింగేది ఒక్క మోతాదే, పని చేసేది నెలల తరబడి. ఆ తర్వాత చాలామందికి గ్రంథి మందగించి, ఆ లోటు తీర్చే థైరాయిడ్ హార్మోను మాత్ర లెవోథైరాక్సిన్ జీవితాంతం వేసుకోవలసి వస్తుంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది నిషిద్ధం. గ్రేవ్స్ వల్ల కళ్లు ఉబ్బినవారికి, ముఖ్యంగా పొగతాగేవారికి, కంటి జబ్బు ముదిరే అవకాశం ఉంది.

ఆపరేషన్‌తో ఫలితం వెంటనే కనిపిస్తుంది. గ్రంథి బాగా పెరిగి శ్వాసనాళాన్ని నొక్కుతున్నా, గడ్డపై క్యాన్సర్ అనుమానం ఉన్నా ఇదే మేలు. గొంతు నరం దెబ్బతిని స్వరం మారడం, కాల్షియంను అదుపుచేసే పక్కనున్న పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని కాల్షియం పడిపోవడం ఇందులోని ముప్పులు; ఇటువంటి ఆపరేషన్లు తరచూ చేసే సర్జన్ చేతిలో అవి తక్కువ.

గ్రేవ్స్ మొదటిసారి బయటపడి, గ్రంథి చిన్నదిగా ఉన్నవారు మాత్రలతో మొదలుపెట్టడమే సబబని నా అభిప్రాయం. తిరగబెట్టాక మాత్రం, జీవితాంతం మాత్ర వేసుకోవాలన్న ఒక్క భయంతో మిగిలిన రెండింటినీ తోసిపుచ్చడం సరికాదు: ఏళ్ల తరబడి ఎగుడుదిగుడయ్యే హార్మోను గుండె లయనూ ఎముకలనూ దెబ్బతీస్తుంది, రోజుకొక లెవోథైరాక్సిన్ మాత్ర సరైన మోతాదులో ఆ హాని చేయదు. గర్భం కోరుకునే స్త్రీలు ఆ మాట చికిత్స ఎంచుకునే రోజునే చెప్పాలి. రేడియో అయోడిన్ తీసుకుంటే గర్భానికి కనీసం ఆరు నెలలు ఆగాలి, మాత్రలయితే గర్భం తొలి నెలల్లో ప్రొపైల్‌థయోయురాసిల్ అనే అదే తరహా మరో మందుకు మార్చవలసి రావచ్చు.