అలంకార మిరప: కుండీలోనా, నేలలోనా?

స్వల్పమైన కారం గల అలంకార మిరపకు నేను కుండీవైపే మొగ్గుతాను. అందులో మొక్క పొట్టిగా, గుబురుగా నిలిచి, ఊదా, పసుపు, నారింజ, ఎరుపు రంగుల కాయలు ఒకేసారి కనువిందు చేస్తాయి. చలి ముదిరినప్పుడు ఇంట్లోకి తెచ్చుకోగలం కనుక, స్వభావరీత్యా బహువార్షికమైన ఈ మొక్క మరో ఏడాది కూడా బతకగలదు. అయితే 20 సెంటీమీటర్ల కుండీలోని మట్టి మండుటెండలో ఒక్క పూటలో ఆరిపోవచ్చు. నీటి ఎద్దడికి పూత రాలడమే కాక, కాయలో కారమూ పెరగవచ్చు. నేలలో వేర్లు విశాలంగా పాకుతాయి కనుక ఆ బెడద తక్కువే గానీ, నీరు నిలిస్తే వేరుకుళ్ళు పట్టుకుంటుంది. రోజుకు కనీసం 6 గంటల ఎండ రెండుచోట్లా కావలసిందే. అన్నట్టు, పక్కనే ఘాటు మిరప ఉంటే ఈ కాయలకూ కారం ఎక్కుతుందన్నది అపోహ. పరపరాగ సంపర్క ప్రభావం, అంటే ఒక మొక్క పుప్పొడి మరో మొక్క పువ్వుకు చేరడం వల్ల వచ్చే మార్పు, ఈ కాయల్లోని విత్తనాలతో మొలిచే మొక్కల కాయల్లోనే కనిపిస్తుంది.