బాత్రూము కనిపిస్తేనే అమ్మ నీళ్లు తాగుతుంది: ఎండల్లో నంద్యాల, మహానంది, యాగంటి

నంద్యాలలో మేం దిగిన లాడ్జి గురించి నలుగురికీ చెప్పాలనే ఇది మొదలుపెట్టాను. మిగతా యాత్ర చాలావరకు బాగానే సాగింది, దాని సంగతీ చెబుతాను. ముందు ఈ కడుపుమంట చల్లారాలి.

మామయ్యగారికి మహానందిలో మొక్కు ఉంది. మా అమ్మాయి సెలవులు, మా ఆయన సెలవు, రైలు టికెట్లు ఈ మూడూ కుదిరేసరికి ఎండలు ముదిరిపోయాయి. మామయ్యగారికి 78 ఏళ్లు. బీపీకి ఒక మాత్ర, ఒంట్లో చేరిన నీటిని తీసేసే మాత్ర మరొకటి రోజూ వేసుకుంటారు. మా అమ్మకు 72. ఆమెకు మాత్రలేవీ లేవు, మొండితనం ఉంది. ప్రయాణం అంటే ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు మానేస్తుంది. అదేమని అడిగితే "మధ్యలో ఎక్కడికి వెళ్లమంటావే నన్ను?" అని ఎదురు ప్రశ్న వేస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు ఉన్న చోటే పెద్దవాళ్లను తీసుకెళ్లదగ్గ చోటు అని నా లెక్క. నీళ్ల సీసా ఎక్కడైనా దొరుకుతుంది. దగ్గర్లో శుభ్రమైన బాత్రూము ఉందని తెలిస్తేనే ఆ నీళ్లు వాళ్ల గొంతు దిగుతాయి. అందుకే ప్రతి చోటా ముందు ఆ సంగతే రాస్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

గుంటూరు నుంచి నంద్యాల దాకా ఏసీ పెట్టెలో హాయిగా వచ్చాం. గిద్దలూరు దాటాక వచ్చే నల్లమల సొరంగాలు మా అమ్మాయికి తెగ నచ్చాయి.

ఇక లాడ్జి. పేరు రాయను, బస్టాండుకు దగ్గర్లోనే ఉంటుంది. ఫోనులో "ఏసీ డీలక్స్, గది 2,400" అన్నారు. రెండు గదులకు 4,800 ముందే కట్టించుకున్నారు. తీరా వెళితే రెండూ పై అంతస్తులో, సరిగ్గా స్లాబు కింద. మేం చేరింది ఒంటిగంటకు, అప్పటికి ఫోను 43 డిగ్రీలు చూపిస్తోంది. రెండు కాకముందే కరెంటు పోయింది. జనరేటరు మొదలై లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. ఏసీలో మాత్రం చలనం లేదు. కిందికి వెళ్లి అడిగాను. "జనరేటరు మీద ఏసీలు నడవవు మేడం. బోర్డు మీద రాసే ఉందిగా" అన్నాడు మేనేజరు. బోర్డు ఉన్న మాట నిజమే. కౌంటరు వెనక గోడకు, క్యాలెండరు చాటున ఉంది.

పొద్దున్నుంచి కాగిన స్లాబు కింద తిరిగే ఫ్యాను వేడిగాలినే మన మీదికి తోస్తుంది. 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని చల్లబరచకపోగా ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పనే చెప్పింది. పోనీ తడిగుడ్డతో ఒళ్లు తుడుద్దామంటే డాబా మీది నల్ల ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. "కూలరు పంపుతాం, 300 అవుతుంది" అన్నారు, సరే పంపమన్నాను. తీరా చూస్తే కిటికీలు తెరుచుకోవు, ఏసీ గది కదా అని మేకులు కొట్టేశారు. మూసిన గదిలో కూలరు పెడితే అది చిమ్మే తేమ అంతా అక్కడే ఉండిపోతుంది. పావుగంటలో దుప్పట్లు చెమ్మగిల్లాయి, మాకు ఊపిరాడలేదు.

మూడింటికి మామయ్యగారి ధోరణి మారింది. మామూలుగా నెమ్మదస్తుడు. అలాంటి మనిషి టవలు కనిపించలేదని మా ఆయన మీద కసిరారు. మంచం దిగి నిలబడబోతే తూలారు. రైలు ఎన్నింటికని అడిగారు, చెప్పాం, రెండు నిమిషాల తర్వాత మళ్లీ అదే అడిగారు. దాహంగా ఉందా అంటే లేదన్నారు. పెద్దవాళ్లతో చిక్కంతా అక్కడే ఉంది. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గిపోతుంది, కిడ్నీలు నీటిని పట్టి ఉంచలేవు, చెమట కూడా తక్కువ పడుతుంది. దానికి తోడు ఆ నీరు తీసే మాత్ర. దాహమే తెలియని మనిషిని దాహమైతే అడగమంటే ఎప్పటికి అడుగుతారు?

మా కుటుంబ డాక్టరుగారికి ఫోను చేశాం. ఆయన ముందు అడిగింది మాటలు ముద్దముద్దగా వస్తున్నాయా, ఒళ్లు కాలిపోతోందా అని. అదేమీ లేదన్నాక, వెంటనే చల్లటి చోటికి దించమన్నారు. మెడకు, చంకలకు, గజ్జలకు తడిగుడ్డలు వేసి విసరమన్నారు. పూర్తి తెలివితో ఉన్నారు కాబట్టి కూర్చోబెట్టి కొద్దికొద్దిగా ఓఆర్‌ఎస్ తాగించమన్నారు. "అరగంటలో తేరుకోకపోయినా, మాట తడబడినా 108కి ఫోను చేయండి, నాకు కాదు. అప్పుడు మాత్రం నోట్లో నీళ్లు పోయకండి" అన్నారు. అంతగా భయపడింది ఇంకెప్పుడూ లేదు నేను.

చల్లటి చోటు ఎక్కడుందని చూస్తే, మేనేజరు గదిలో ఏసీ జనరేటరు మీద శుభ్రంగా నడుస్తోంది! మా ఆయన ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మారు మాట లేకుండా తండ్రిని తీసుకెళ్లి మేనేజరు కుర్చీలోనే కూర్చోబెట్టారు. ఆ మేనేజరు బయట నిలబడి చెమట తుడుచుకోవడం చూసి మా అమ్మ కళ్లు మెరిశాయి.

మందుల దుకాణంలో ఇంకో వినోదం. ఓఆర్‌ఎస్ అడిగితే పళ్ల రసం డబ్బా ఒకటి ముందుకు తోశాడు. తియ్యటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది. డబ్బా మీద ఆ మాట లేదు, అమ్మేవాడి నోట మాత్రం ఇంకా ఉంది. షుగరు ఉన్నవాళ్లకు ఆ డబ్బా పడితే ఎంత చేటు! మీరు అడగాల్సింది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన పొడి. ప్యాకెట్ 20.5 గ్రాములు ఉంటుంది, మొత్తం ఒకేసారి లీటరు నీటిలో కలపాలి. గ్లాసుకు కొంచెం కొంచెం చల్లుకుంటే పాళ్లు చెడతాయి. మాకు ప్యాకెట్ 22 రూపాయలు పడింది. ఊళ్లోనే కొని సంచిలో వేసుకోండి.

అరగంట తిరక్కముందే మామయ్యగారు కుదుటపడ్డారు. "ఈ కుర్చీ ఎవరిది?" అని మొహమాటపడ్డారు కూడా. డబ్బు వెనక్కి అడిగితే 500 ఇచ్చి, మిగతాది "పాలసీ" అన్నారు. కూలరు 300 గురించి ఎవరూ మాట్లాడలేదు. సాయంత్రమే మహానంది వెళ్లిపోయాం.

మహానందిలో సత్రం దొరకడం మా అదృష్టం. కింది అంతస్తు, మందపాటి రాతి గోడలు, వాకిట్లో వేపచెట్టు. ఏసీ లేదు, గది 900. ఒక మూల బల్లమీద మట్టికుండ, మూత, గరిటె. కమోడ్ ఉన్న బాత్రూము గదిలోనే ఉంది, పట్టుకుని లేవడానికి గోడకు కడ్డీ కూడా బిగించారు. అమ్మ లోపలికి వెళ్లి చూసి, బయటికొచ్చి, ఏమీ అనకుండా కుండలోంచి రెండు గ్లాసులు ముంచుకుని తాగింది. మెచ్చుకోలు అంటే అదీ. కూలరు ఇక్కడా ఉంది, కాకపోతే కిటికీలో బిగించారు, ఎదురు తలుపు తీసి ఉంచమని సత్రం ఆయనే చెప్పాడు. బయటి పొడిగాలి తడి గడ్డిలోంచి లోపలికి వస్తుంది, తేమ తలుపులోంచి పోతుంది. నంద్యాల వైపు ఎండ పొడి ఎండ కాబట్టి ఈ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మా గుంటూరు వైపు ఉక్కలో ఇంత సుఖం రాదు.

కోనేరు గురించి ఎంత చెప్పినా తక్కువే. నల్లమల అడుగున ఊరే ఊట అది, అడుగున పడ్డ నాణెం స్పష్టంగా కనిపిస్తుంది. భూమి లోపలి నీటికి ఏడాది పొడవునా దాదాపు ఒకే వేడి ఉంటుంది, అందుకే నడి ఎండాకాలంలో అంత చల్లగా తగులుతుంది. పొంగి పారే ఆ నీటితోనే చుట్టూ అరటి తోటలు పండుతాయి. పొద్దున్నే దర్శనం, మొక్కు ముగించుకుని పెద్దవాళ్లిద్దరూ బయటి గుండం మెట్ల మీద మోకాళ్ల దాకా కాళ్లు ముంచి కూర్చున్నారు. వియ్యంకులు ఇద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం మా పెళ్లి తర్వాత అదే మొదటిసారేమో. మెట్లకు పాచి ఉంటుంది, పక్కన ఒక మనిషి ఉండాల్సిందే.

కారు మాట్లాడుకున్నాం, రోజుకు 3,200, డీజిలు కలిపి. డ్రైవరు నడివయసు మనిషి. అమ్మ అవస్థ మేం చెప్పకుండానే గ్రహించాడు. ఏ పెట్రోలు బంకులో బాత్రూము శుభ్రంగా ఉంటుందో, ఎక్కడ తాళం చెవి అడగాలో అతనికి కంఠతా వచ్చు. బంకుల్లో బాత్రూము, తాగునీరు ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన, అడగడానికి సిగ్గుపడక్కరలేదు. "అమ్మగారూ, ఇంకో పది నిమిషాల్లో మంచి బంకు వస్తుంది" అని అతను అనగానే అమ్మ సీసా మూత తీసేది. నేను ఏళ్ల తరబడి బతిమాలి సాధించలేనిది అతను ఒక్క మాటతో సాధించాడు. దిగేటప్పుడు 500 ఎక్కువ ఇచ్చాం. లాడ్జి వాడు తిరిగిచ్చిన నోటే అది.

మామయ్యగారి బాధ్యత మా అమ్మాయిది. ఎండ రోజుల్లో గంటకో గ్లాసు చొప్పున, రోజుకు రెండు మూడు లీటర్లు తాగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అయితే గుండె నీరసించినవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అది వర్తించదు, వాళ్ల కొలత వాళ్ల డాక్టరే చెప్పాలి. మామయ్యగారికి లీటరున్నర దగ్గర ఆగమన్నారు డాక్టరుగారు, ఆ నీటి మాత్ర మోతాదు కూడా ఆయనే సవరించారు. మాత్రలు సొంతంగా మానేయకూడదు. అమ్మాయి ఫోనులో గంటగంటకీ అలారం పెట్టి, మోగగానే గ్లాసు పట్టుకుని "తాతయ్యా, డ్యూటీ" అని నిలబడేది. ఆయన విసుక్కుంటూనే తాగారు.

యాగంటికి ఏడింటికల్లా చేరుకోండి. ఒకే రాతిలో ఉమామహేశ్వరులు, పెరుగుతున్నాడని చెప్పే బసవన్న, అగస్త్య పుష్కరిణి, ఇవన్నీ నిదానంగా చూసి తొమ్మిదిన్నరకు బయటపడ్డాం. కొండ గుహల మెట్ల జోలికి పెద్దవాళ్లను పోనివ్వలేదు. ఎనిమిదిన్నరకే రాతి నేల చురుక్కుమంటోంది. నడిచే దారిలో పట్టాలు పరిచారు గానీ, చెప్పులు విడిచే చోటు నుంచి పట్టా దాకా ఉన్న కాస్త దూరమే అసలు పరీక్ష. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు కాలు కాలినా తెలియదు, బొబ్బలు ఎక్కాకే తెలుస్తుంది. మామయ్యగారికి మందపాటి నూలు మేజోళ్లు తొడిగాం, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. బాత్రూములు ఉన్నాయి, నీళ్లు మాత్రం మగ్గుతో మోసుకోవాలి. అమ్మ పెదవి విరిచింది.

తిరుగుదారిలో బనగానపల్లెలో మామిడిపళ్లు, కిలో 80. పేరు మోసిన ఊళ్లోనే తింటున్నామన్న సంబరం ఒకటి. రోడ్డు పక్క ఒకావిడ కుండలో మజ్జిగ అమ్ముతోంది, గ్లాసు 15. ఉప్పు, కరివేపాకు, దంచిన అల్లం, పల్చగా నీళ్లలా. మామయ్యగారికి ఉప్పు లేకుండా వేరే కలిపి ఇచ్చింది, అడగ్గానే, విసుక్కోకుండా. ఈ యాత్రలో డబ్బుకు తగ్గ సరుకు దొరికిందంటే మొదట చెప్పాల్సింది ఆ మజ్జిగే.

బెలుం గుహలకు పెద్దవాళ్లను తీసుకెళ్లకండి. గుహ అంటే చల్లగా ఉంటుందని మామయ్యగారు ఎంతో ఆశపడ్డారు, మా ఆయన వద్దన్నారు, చిన్న అలక నడిచింది. మా ఆయన, అమ్మాయి దిగి చూసొచ్చారు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహ, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వెలుగులోకి తెచ్చినది, చూడదగ్గదే. కానీ లోపల ఉక్క. పైకి వచ్చేసరికి ఇద్దరి బట్టలూ పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారుతుంది అంతే, ఒంట్లో నీరూ ఉప్పూ దండగ. మేకులు కొట్టిన కిటికీల గదిలో ఆ కూలరు మాకు చేసిందీ ఇదే. పాతికేళ్ల మనిషికి అది చెమట, 78 ఏళ్ల మనిషికి ప్రమాదం. కొడుకు చొక్కా చూశాక మామయ్యగారి అలక తీరింది.

అహోబిలం ఈసారి వదిలేశాం. ఎగువ అహోబిలం మెట్లు, జ్వాలా నరసింహస్వామి దారి నడక, ఈ ఎండల్లో ఆ ఊసే వద్దన్నాను. అమ్మకు అది నచ్చలేదు. తిరుగు రైల్లో డ్రైవరు నంబరు రాసుకున్నావా అని అడిగింది. రాసుకున్నానన్నాను. "అయితే సంక్రాంతి వెళ్లాక అతన్నే మాట్లాడు, ఆ దారిలో బంకులు ఎన్నున్నాయో ముందే కనుక్కో" అంది.