బీడ్ ఫేస్ ఫ్రేముల నాచింగ్ సామగ్రి: నాలుగేళ్ల వాడకం తర్వాత

అమెరికా ఇళ్లలో చాలా వంటగది అల్మరాలకు ముందువైపు ఫేస్ ఫ్రేమ్ అనే చెక్క చట్రం ఉంటుంది. తలుపు కూర్చునే ఖాళీ వైపు ఆ చట్రం అంచును సన్నగా, గుండ్రంగా మలిస్తే ఆ అంచు బీడ్, ఆ చట్రం బీడ్ ఫ్రేమ్. నార్త్ కరోలినాలోని మా గరాజులో, రౌటర్ టేబుల్‌కు (చెక్కను మలిచే, వేగంగా తిరిగే కోత యంత్రం అమర్చిన బల్లకు) బిగించుకునే నాచింగ్ (గాడి తీసే) సామగ్రితో నాలుగేళ్లలో మూడు వంటగదులకు ఈ ఫ్రేములు చేశాను.

అంతకుముందు మా ఇంటి వంటగదికి విడి బీడ్ పట్టీలను చిన్న మేకులతో అతికించాను. 14 ఖాళీలకు 56 ముక్కలు, 112 ఏటవాలు కోతలు పడ్డాయి; పైగా రెండో చలికాలానికే పట్టీకీ చట్రానికీ మధ్య రంగు పగిలి సన్నని గీత కనిపించింది. ఆ విసుగే నన్ను ఈ సామగ్రి వైపు నడిపించింది.

ఇందులో బీడ్ చట్రం కర్రలోనే ఉంటుంది. అడ్డపట్టీ చివర బీడును 45 డిగ్రీల వాలులో కోసి, అది సరిగ్గా ఇమిడేలా నిలువు పట్టీలో అదే వాలు అంచులతో గాడి తీస్తాము. పనంతా గాడి లోతు మీదే ఆధారపడి ఉంది: అది బీడ్ లోతుకు సరిగ్గా సమానం కావాలి. అర మిల్లీమీటరు తక్కువైతే అడ్డపట్టీ గాడి అడుగుకు ఆని మూలలు విచ్చుకుంటాయి; ఎక్కువైతే మూలలు ముందే కలిసిపోయి పట్టీ చివరకూ గాడి అడుగుకూ మధ్య సందు మిగులుతుంది. కొలతలోనూ ఒక మెలిక ఉంది. పావు అంగుళం బీడుతో 15 అంగుళాల ఖాళీ కావాలంటే అడ్డపట్టీ 15½ అంగుళాలు ఉండాలి, రెండు చివరలూ పావు అంగుళం చొప్పున గాడుల్లోకి దిగుతాయి కాబట్టి. ఆ అర అంగుళం మరచిపోయి మొదట్లో ఆరు మంచి పోప్లార్ కర్ర ముక్కలను పొయ్యిపాలు చేశాను.

వేగం యంత్రం వల్ల కాదు, పని వరుస వల్ల వస్తుంది. కర్రనంతా ముందే ఒకే మందానికి చిత్రిక పట్టించి, రెండు పట్టీలు అదనంగా కలుపుకొని, బీడునంతా ఒకే అమరికలో తీసేస్తాను. ఆపై ఒకే కొలత ఉన్న అడ్డపట్టీలన్నిటినీ స్టాప్‌కు (కొలత మారకుండా అడ్డుగా బిగించే దిమ్మకు) ఆనించి కోస్తాను; ఎడమ, కుడి నిలువు పట్టీలను పక్కపక్కన బిగించి, కొలతలు ముందే గీసుకున్న ఒకే బద్దతో గుర్తులు పెడతాను. పరీక్ష ముక్కల మీద అమరిక కుదరడానికి నాకు ఇప్పటికీ పూట పడుతుంది. ఆ తర్వాత వెనుకనుంచి పాకెట్ స్క్రూలతో (ఏటవాలు రంధ్రాల్లో దిగే స్క్రూలతో) బిగించడం చకచకా సాగుతుంది. అందుకే ఒకటి రెండు అల్మరాలకైతే ఈ సామగ్రి కొనమని చెప్పను.

లోపాలు లేకపోలేదు. స్టాప్‌ను పట్టి ఉంచే స్క్రూ అదురుకు వదులవుతుంది; ప్రతి పది గాడులకోసారి చూసుకోవాలి. బిట్ (రౌటర్‌లో తిరిగే కోత పనిముట్టు) చెక్కలోంచి బయటికి వచ్చేచోట వెనుక పనికిరాని చెక్క ఆనించకపోతే బీడ్ చివర ఎగిరిపోతుంది, మేపుల్ కర్ర అయితే మరీను. ఇంకొకటి మన వంటిళ్లకే ప్రత్యేకం: బీడ్ పక్కనున్న సన్నని గాడిలో తిరగమోత జిడ్డు చేరుతుంది. పొయ్యి పక్క అల్మరాకు మా ఇంట్లో పాత టూత్‌బ్రష్ ఒకటి కేటాయించాము.