విజ్‌ట్రీ: గేముల చెత్త ఏరడానికి సూపర్, పాత విండోస్ తీయడానికి మాత్రం ఇదొక్కటే చాలదు

మాది 2012లో సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. 500 జీబీ హార్డ్ డిస్క్‌ని అప్పట్లో అందరికీ చేసినట్టే సీ, డీ, ఈ అని మూడు ముక్కలు (పార్టిషన్లు) చేసి విండోస్ 7 వేసి ఇచ్చారు. 2019లో ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డిస్క్) పెట్టించి దాంట్లో విండోస్ 10 వేయించాం కానీ పాత డిస్క్ లోపలే ఉండిపోయింది, అందులో చచ్చిపోయిన విండోస్ 7, మా అన్నయ్య కొడుకు ఇంటర్ రోజుల్లో ఆడిన గేములు, మా పెళ్లి ఫొటోలు అన్నీ కలగాపులగం. ఈమధ్య డ్రైవులన్నీ ఎర్ర గీత చూపిస్తుంటే వీధి చివర షాపుకి తీసుకెళ్లా. సీపీయూ మూత కూడా తీయకుండా "మొత్తం ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా, 600 అవుతుంది" అన్నాడు, ఫొటోలున్నాయి అంటే బ్యాకప్‌కి ఇంకో 800 అట. బండి మీద పెట్టుకుని వెనక్కొచ్చేశా.

అలా దొరికింది విజ్‌ట్రీ, డిస్క్‌లో ఏ ఫైలు, ఏ ఫోల్డర్ ఎంత చోటు తింటోందో చూపించే విండోస్ సాఫ్ట్‌వేర్. ఇంట్లో వాడుకోవడానికి ఉచితం, ఆఫీసు సిస్టమ్స్‌లో వాడాలంటే డబ్బు కట్టాలి. ఇన్‌స్టాల్ చేయక్కర్లేని పోర్టబుల్ వెర్షన్ కూడా ఉంది, నేను అదే వాడా. దీని స్పీడ్ గురించి చెప్పాలి. ఒక్కో ఫోల్డర్ తెరిచి లెక్కపెట్టుకుంటూ పోదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ మామూలుగా వాడే ఫార్మాట్) డ్రైవ్‌లో ఏ ఫైల్ ఎంతుందో రాసిపెట్టుకునే పట్టిక ఒకటి ఉంటుంది, నేరుగా దాన్నే చదివేస్తుంది. అందుకే అడ్మిన్ పర్మిషన్ అడుగుతుంది, ఇవ్వకపోతే మామూలు నత్తనడకే. ఇచ్చాక మా ముసలి డిస్క్ మీద కూడా నేను టీ గ్లాసు అందుకునేలోపే లిస్ట్ వచ్చేసింది.

'ఈ' అనే డ్రైవ్‌లో జీటీఏ 5 గేమ్ ఒక్కటే వంద జీబీ దాటింది. అది ఊహించిందే. ఊహించనిది ఏంటంటే దాని సెటప్ ఫైళ్లు ఇంకో ఫోల్డర్‌లో అలాగే ఉన్నాయి, మళ్లీ వేసుకోవాలంటే ఉంటాయి కదా అని దాచాడు మావాడు, అంటే ఒకే గేమ్‌కి రెండుసార్లు అద్దె కట్టినట్టే. ఫోన్ చేసి "తీసేస్తున్నా రా" అంటే "తీసేయ్ బాబాయ్, వైస్ సిటీ మాత్రం ఉంచు" అన్నాడు. అది రెండు జీబీ కూడా లేదు, ఉంచా. ఒక సంగతి, వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ లాంటి పాత జీటీఏ గేముల సేవ్‌లు (ఎక్కడిదాకా ఆడామో దాచే ఫైళ్లు) గేమ్ ఫోల్డర్‌లో ఉండవు, డాక్యుమెంట్స్‌లో యూజర్ ఫైల్స్ అని వేరే ఫోల్డర్ ఉంటుంది. పాత విండోస్ యూజర్ ఫోల్డర్‌ని లేపేస్తే అవీ పోతాయి, ముందు కాపీ చేసుకోండి.

ఇక పాత విండోస్. ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే పేజ్‌ఫైల్ 4 జీబీ, హైబర్నేట్ కోసం పెట్టుకునే హైబర్‌ఫిల్ 3 జీబీ, ఎవరికీ పనికిరాకుండా కూర్చున్నాయి. విజ్‌ట్రీ వీటిని చూపిస్తుంది గానీ ఏది తీయొచ్చు, ఏది తీయకూడదు అని చెప్పదు, డిలీట్ బటన్ మాత్రం చేతికిస్తుంది. నాకు నచ్చనిది ఇదే. పాత విండోస్ ఫోల్డర్ డిలీట్ కొడితే ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ (విండోస్ తన ఫైళ్లని కాపాడుకోవడానికి పెట్టుకున్న అకౌంట్) పర్మిషన్ కావాలంటుంది, దానితో కుస్తీ పట్టడం కన్నా ఫొటోలు బయటికి తీసుకుని ఆ ఒక్క పార్టిషన్ ఫార్మాట్ చేసుకోవడం సుఖం. అప్‌గ్రేడ్ చేసినప్పుడు మిగిలే విండోస్.ఓల్డ్ ఫోల్డర్ వేరే సంగతి, దానికి విండోస్‌లోనే ఉన్న డిస్క్ క్లీనప్ చాలు.

ఫార్మాట్ చేసేముందు నేను చేసిన ఒక్క మంచి పని, పాత డిస్క్ కేబుల్ పీకేసి ఒకసారి ఆన్ చేసి చూడటం. ఆన్ కాలేదు! నల్ల స్క్రీన్, బూట్ డివైస్ లేదని. అరగంట టెన్షన్. సంగతేంటంటే, విండోస్ 10 వేసేటప్పుడు పాత డిస్క్ కూడా తగిలించే ఉంచారు, దాంతో బూట్ ఫైళ్లు (ఆన్ చేయగానే విండోస్‌ని మొదలుపెట్టేవి) ఎస్‌ఎస్‌డీలోకి కాకుండా పాత డిస్క్‌లోని 100 ఎంబీ సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌లోకి వెళ్లాయి. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూస్తే తెలిసిపోతుంది, అక్కడ పేర్లు తిరగేసి ఉంటాయి, 'సిస్టమ్' అని ఉన్నదాంట్లో బూట్ ఫైళ్లు, 'బూట్' అని ఉన్నదాంట్లో విండోస్. ఇలా ఎందుకు పెట్టారో మరి. కేబుల్ మళ్లీ తగిలించి, డిస్క్‌పార్ట్‌లో (విండోస్‌లోనే ఉండే కమాండ్ టూల్) ఎస్‌ఎస్‌డీ పార్టిషన్‌ని యాక్టివ్ (ఇక్కడి నుంచే బూట్ అవ్వు అనే గుర్తు) చేసి, బీసీడీబూట్ కమాండ్‌తో బూట్ ఫైళ్లు అక్కడికి రాయించాక పని అయింది. ఇది పాత బయోస్ (కంప్యూటర్‌ని ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) సిస్టమ్స్‌కి చెప్తున్నా, దాని బదులు యూఈఎఫ్ఐ ఉన్న కొత్త వాటిలో ఈ యాక్టివ్ గొడవ లేదు, బూట్ ఫైళ్లుండే ఈఎఫ్ఐ పార్టిషన్ ఏ డిస్క్‌లో ఉందో చూసుకోవాలి.

ఆన్ చేసినప్పుడల్లా విండోస్ 7 కావాలా, 10 కావాలా అని 30 సెకన్లు అడిగే మెనూ ఇంకా వస్తుంటే విండోస్‌లోనే ఉండే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్‌కి వెళ్లి పాత పేరు డిలీట్ చేయండి.

విజ్‌ట్రీకి నేనిచ్చేది ఐదుకి నాలుగు. గేములు, సినిమాలు, సెటప్‌లు ఏరుకోవడానికి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. డిస్క్ అమ్మేద్దామనుకునేవాళ్లకి మాత్రం ఇది పనికిరాదు, ఫైళ్లు తీసేసినా, క్విక్ ఫార్మాట్ కొట్టినా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో బయటికొస్తాయి, హార్డ్ డిస్క్ అయితే డిస్క్‌పార్ట్‌లో డిస్క్ మొత్తాన్ని సున్నాలతో నింపేసే క్లీన్ ఆల్ కమాండ్ ఇవ్వండి, కానీ ముందు డిస్క్ నంబర్ రెండుసార్లు చూసుకోండి. మా 500 జీబీకి గంటలు పడుతుందని నేను ఆ జోలికి పోలేదు, అయినా పదేళ్లు దాటిన డిస్క్‌ని ఎవరు కొంటారు.